చౌక టికెట్ వెనక జీతాల లెక్క

2024 జనవరిలో అమెరికాలోని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ పైలట్లు కొత్త వేతన ఒప్పందాన్ని ఓటు వేసి ఆమోదించారు. ఐదేళ్లలో జీతాలు దాదాపు 50 శాతం పెరుగుతాయి. ఒప్పందం విలువ 1,200 కోట్ల డాలర్లని పైలట్ల సంఘం ప్రకటించింది. చౌక విమానయానానికి నమూనాగా నిలిచింది ఈ సంస్థే. 1971లో టెక్సస్ రాష్ట్రంలోని మూడు నగరాల మధ్య మొదలై, టికెట్ ధర తగ్గిస్తే బస్సులో, కారులో వెళ్లేవారు కూడా విమానం ఎక్కుతారని నిరూపించింది. యూరప్‌లో రయనైర్ అయినా, మన దేశంలో 2003లో ఎగిరిన ఎయిర్ డెక్కన్ అయినా, 2006లో వచ్చిన ఇండిగో అయినా ఎంతో కొంత ఆ దారిలో నడిచినవే. అలాంటి సంస్థ తన పైలట్లకు ఇంత జీతం ఎలా ఇవ్వగలుగుతోంది? ఇచ్చాక కూడా టికెట్ చౌకగా అమ్మడం ఎలా సాధ్యమైంది?

బడ్జెట్ సంస్థలు జీతాలు తక్కువ ఇస్తాయి కాబట్టి టికెట్లు చౌక అని చాలామంది అనుకుంటారు. కొన్నిచోట్ల అది నిజమే, ఆ చోట్లు ఏవో కూడా చూద్దాం. కానీ ఈ సంస్థలకు అసలు లాభం వచ్చేది జీతం ఇచ్చి కొన్న గంటను ఎంత నిండుగా వాడుకున్నారన్న దాని నుంచి. ఆ నిండుదనానికి ఒక హద్దు ఉంటుంది. హద్దు దాటితే భారం ఎవరి నెత్తిన పడుతుందో 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు రద్దయి శంషాబాద్‌లో, బెంగళూరులో, ఢిల్లీలో పడిగాపులు కాసిన ప్రయాణికులకు బాగా తెలిసింది.

ఏ కొలతతో కొలవాలి?

సిబ్బంది ఖర్చును పోల్చేటప్పుడు ఎక్కువగా కనిపించే కొలత, ఆదాయంలో జీతాల వాటా. దీనితో కొలిస్తే ఫలితం వింతగా ఉంటుంది. 2024లో సౌత్‌వెస్ట్ ఆదాయం సుమారు 2,750 కోట్ల డాలర్లు, జీతభత్యాలు సుమారు 1,220 కోట్లు. అంటే వందకు 44. అదే ఏడాది సంప్రదాయ సంస్థ డెల్టా ఆదాయం సుమారు 6,160 కోట్ల డాలర్లు, జీతభత్యాలు సుమారు 1,620 కోట్లు. అంటే వందకు 26. లాభాల్లో వాటాగా ఉద్యోగులకు పంచిన సొమ్ము దీనికి అదనం. ఇండిగోను చూస్తే, 2024-25లో ఆదాయం 80 వేల కోట్ల రూపాయలు దాటింది, సిబ్బంది ఖర్చు అందులో పదో వంతు కంటే కొంచెం తక్కువ.

ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి ఎవరు పొదుపరో తేల్చబోతే పొరబడతాం. డెల్టా ఆదాయంలో టికెట్లు ఒక భాగం మాత్రమే. క్రెడిట్ కార్డు ఒప్పందం కింద అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచి ఏటా 700 కోట్ల డాలర్లకు పైగా వస్తుంది. పెన్సిల్వేనియాలో సొంత చమురు శుద్ధి కర్మాగారం ఉంది, అక్కడి అమ్మకాలు కూడా ఆదాయంలో కలుస్తాయి. ఖరీదైన బిజినెస్ తరగతి సీట్ల డబ్బు సరేసరి. మొత్తం ఆదాయం ఇలా పెరిగినప్పుడు అందులో జీతాల వాటా చిన్నదిగా కనిపిస్తుంది. అక్కడ జీతాలు తక్కువని దాని అర్థం కాదు.

ఇండిగో విషయంలో కారణం వేరు. మన దేశంలో క్యాబిన్ సిబ్బందికీ, గ్రౌండ్ సిబ్బందికీ, ఇంజినీర్లకూ ఇచ్చేది ఇక్కడి జీతం, రూపాయల్లో. విమానాల అద్దె, విడిభాగాలు, ఇంజిన్ల మరమ్మతు మాత్రం డాలర్లలో. ఇంధనానికే ఆదాయంలో సుమారు మూడో వంతు పోతుంది. ఈ పెద్ద ఖర్చుల పక్కన జీతాలు చిన్నగానే కనిపిస్తాయి. అందుకే అమెరికాలో విమాన సంస్థలు జీతాల బరువుకు కుంగిపోయిన సందర్భాలు చాలా ఉంటే, మన దగ్గర అవి ఎక్కువగా ఇంధనం, అప్పు, డాలరు మారకం వల్ల దెబ్బతిన్నాయి.

ఈ రంగం లెక్కలు తెలిసినవారు నమ్మే కొలత సీటు-కిలోమీటరు. ఒక సీటును ఒక కిలోమీటరు దూరం తీసుకెళ్తే ఒక యూనిట్ తయారైనట్టు. అందులో ప్రయాణికుడు ఉన్నాడా లేడా అన్నది ఈ లెక్కలోకి రాదు. 186 సీట్ల విమానం హైదరాబాద్ నుంచి ఢిల్లీకి 1,250 కిలోమీటర్లు ఎగిరిందనుకుంటే 2,32,500 యూనిట్లు తయారయ్యాయి. ఏడాది జీతాల మొత్తాన్ని ఏడాదిలో తయారైన యూనిట్లతో భాగిస్తే ఒక్కో యూనిట్‌కు పడిన కూలి ఎంతో తెలుస్తుంది. రెండు సంస్థలను పోల్చవలసింది దీనితోనే.

ఇక్కడ కూడా దూరం విషయంలో జాగ్రత్తగా ఉండాలి. విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కు వెళ్లే విమానానికైనా, హైదరాబాద్ నుంచి లండన్‌కు వెళ్లే విమానానికైనా సామాను ఎక్కించాలి, బోర్డింగ్ పాసులు చూడాలి, లోపల శుభ్రం చేయాలి. మొదటిదానికి ఆ శ్రమ ఐదారు వందల కిలోమీటర్ల మీద పంచబడితే, రెండోదానికి వేల కిలోమీటర్ల మీద పంచబడుతుంది. చిన్న దూరాలు తిరిగే సంస్థకు యూనిట్ ఖర్చు సహజంగానే ఎక్కువ పడుతుంది. ఈ తేడాను సరిచేయకుండా ఇచ్చే పట్టికలు దాదాపు ఎప్పుడూ పెద్ద సంస్థల వైపే మొగ్గుతాయి.

జీతం తగ్గకుండానే ఖర్చు తగ్గడం

ఊహకు రెండు సంస్థలను తీసుకుందాం. రెండూ తమ కెప్టెన్‌కు నెలకు 5 లక్షల రూపాయలు ఇస్తాయి. మొదటి సంస్థ విమానంలో బిజినెస్ తరగతితో కలిపి 150 సీట్లు, కెప్టెన్ నెలకు 50 గంటలు నడుపుతారు. రెండో సంస్థదీ అదే రకం విమానం, కానీ అంతా ఎకానమీ, 186 సీట్లు, కెప్టెన్ నెలకు 70 గంటలు నడుపుతారు. మొదటి సంస్థలో ఒక సీటును ఒక గంట ఎగరేసినందుకు కెప్టెన్ జీతం కింద పడే ఖర్చు 67 రూపాయలు. రెండో సంస్థలో 38. ఎవరి జీతంలోనూ ఒక్క రూపాయి కోత లేదు, ఖర్చు మాత్రం నలభై శాతానికి పైగా తగ్గింది. రెండో సంస్థ తన కెప్టెన్‌కు 6 లక్షలు ఇచ్చినా 46 రూపాయలే పడుతుంది. సౌత్‌వెస్ట్ దశాబ్దాల పాటు మంచి జీతాలు ఇస్తూ కూడా చౌకగా నడవడానికి మూలం ఈ లెక్కలోనే ఉంది. ఆ సంస్థ ఉద్యోగుల్లో 80 శాతానికి పైగా యూనియన్లలో ఉన్నారు. సంప్రదాయ సంస్థ అయిన డెల్టాలో క్యాబిన్ సిబ్బందికి యూనియనే లేదు. యూనియన్ లేకపోవడమే చౌకకు కారణమనే వాదన ఈ రెండింటి ముందు నిలబడదు.

50 గంటలు 70 ఎలా అవుతాయి? విమానం నేల మీద గడిపే సమయం తగ్గాలి. 1972లో సౌత్‌వెస్ట్ చేతిలో నాలుగు బోయింగ్ 737లు ఉండేవి. డబ్బుకు కటకటలాడి ఒకదాన్ని అమ్ముకోవలసి వచ్చింది. నాలుగింటితో నడిపిన షెడ్యూలును మూడింటితోనే నడపాలని పట్టుబట్టారు. దిగిన విమానం పది నిమిషాల్లో మళ్లీ బయలుదేరితేనే అది కుదురుతుంది. పైలట్లు, క్యాబిన్ సిబ్బంది, సామాను ఎత్తేవారు, గేటు దగ్గరి గుమాస్తాలు ఎవరి పని ఏదన్న పట్టింపు వదిలి అందరూ అన్నిటికీ చేయి వేశారు. అది సాధ్యమైంది. సంప్రదాయ సంస్థల్లో అప్పటికే ఒక్కో పనికి ఒక్కో యూనియన్, ఒక్కో ఒప్పందం. ఒకరి పని మరొకరు ముట్టుకోకూడదని నిబంధనలు రాసి ఉండేవి. ఖర్చులో తేడా తెచ్చింది జీతాల పట్టిక కంటే ఎక్కువగా ఈ పని నిబంధనలే. ఆ మరుసటి ఏడాది, 1973లో, సౌత్‌వెస్ట్ లాభాల్లోకి వచ్చింది. 2019 దాకా వరసగా 47 ఏళ్లు ఒక్క ఏడాది కూడా నష్టం చూపలేదు. ఆ లాభాల్లో ఉద్యోగులకు వాటా ఇచ్చింది కాబట్టి పది నిమిషాల తొందర వారి తొందర కూడా అయింది.

క్యాబిన్ సిబ్బంది సంఖ్యను నిర్ణయించేది చట్టం. మన దేశంలోనూ, అమెరికా, యూరప్‌లలోనూ స్థూలంగా ప్రతి 50 సీట్లకు ఒకరు ఉండాలి. 151 సీట్లున్నా నలుగురే, 200 ఉన్నా నలుగురే. రయనైర్ తన కొత్త 737 విమానాల్లో 197 సీట్లు పెట్టడానికి, ఇండిగో ఏ320 నియోలో 186 పెట్టడానికి వెనక ఈ గీత ఉంది. 78 సీట్ల చిన్న ఏటీఆర్ విమానానికి ఇద్దరు చాలు. సీటు మీద సీటు ఇరికించడం ప్రయాణికుడి మోకాళ్లకు మాత్రమే తెలిసే విషయంలా కనిపిస్తుంది, కానీ అందులో ప్రతి అదనపు సీటూ ఉన్న జీతాన్నే మరొకరి మీదికి పంచుతుంది.

ఒకే రకం విమానాలు కొనడం వల్ల విడిభాగాలు చౌకగా వస్తాయని అందరూ చెబుతారు. శిక్షణలో మిగిలే డబ్బు గురించి తక్కువగా వింటాం. ఒక పైలట్ ఒక రకం విమానానికి టైప్ రేటింగ్, అంటే ఆ రకం నడిపే అర్హత, తీసుకుంటే దాన్నే నడపగలరు. సంప్రదాయ సంస్థలో పెద్ద విమానం నడిపే సీనియర్ కెప్టెన్ రిటైరయ్యారనుకోండి. ఆ స్థానానికి మధ్యరకం విమానం కెప్టెన్ వెళ్తారు, ఆ స్థానానికి చిన్న విమానం కెప్టెన్, ఆ స్థానానికి ఒక ఫస్ట్ ఆఫీసర్, అంటే సహ పైలట్. ఒక్క విరమణతో గొలుసుగా శిక్షణలు మొదలవుతాయి. శిక్షణలో ఉన్న ప్రతి పైలట్‌కూ జీతం నడుస్తుంది, విమానం మాత్రం నడవదు. పైగా ప్రతి రకానికీ విడిగా స్టాండ్‌బై పైలట్లు, అంటే అవసరమైతే పిలవడానికి సిద్ధంగా ఉంచేవారు, ఉండాలి. ఒకే రకం నడిపే సంస్థలో స్టాండ్‌బైలో ఉన్న ఎవరినైనా ఏ విమానానికైనా పంపవచ్చు.

రాత్రి బస ఖర్చు కూడా తక్కువేం కాదు. రయనైర్ సిబ్బంది ఉదయం బయలుదేరి నాలుగు దఫాలు ఎగిరి రాత్రికి తమ ఊరికి చేరేలా షెడ్యూలు వేస్తుంది. హోటల్ లేదు, బయట ఉన్నందుకు భత్యం లేదు. ఖండాంతర విమానాలు నడిపే సంస్థకు ఆ వెసులుబాటు ఉండదు.

సీనియారిటీ అనే గడియారం

కొత్త సంస్థకు ఉండే మరో అనుకూలత వయసు. విమాన సంస్థల్లో, ముఖ్యంగా అమెరికాలో, జీతం సర్వీసు ఏళ్లతో పెరుగుతుంది. నిన్న మొదలైన సంస్థలో అందరూ మొదటి మెట్టు మీదే ఉంటారు. నలభై ఏళ్ల సంస్థలో సగం మంది చివరి మెట్టు మీద ఉంటారు. ఇద్దరి వేతన పట్టికా ఒకటే అయినా సగటు జీతంలో పెద్ద తేడా వస్తుంది. ఆ తేడాను యాజమాన్యం సమర్థతగా పత్రికలు రాస్తాయి. అది చాలావరకు కాలం ఇచ్చిన అప్పు.

సంస్థ వేగంగా పెరుగుతున్నంత కాలం ఆ అప్పు తీర్చే అవసరం రాదు. ఏటా వందల మంది కొత్తవారు కింది మెట్టు మీద చేరుతుంటే సగటు కిందనే ఉంటుంది. పెరుగుదల ఆగిన రోజు నుంచి సగటు పైకి పాకుతుంది. సంస్థ కుదించుకుపోతే మరీ ప్రమాదం. చివర చేరినవారిని ముందు తీసేయాలన్నది నియమం. తక్కువ జీతం వారు పోయి ఎక్కువ జీతం వారు మిగులుతారు. మనుషులను తగ్గించాక సగటు ఖర్చు పెరుగుతుంది.

సౌత్‌వెస్ట్‌కు ఇప్పుడు జరిగింది ఇదే. 2024 లెక్కలతో ఒక సీటును ఒక మైలు నడపడానికి దానికి జీతాల కింద సుమారు 7 సెంట్లు పడింది. లాభాల్లో వాటాను కలిపినా డెల్టాకు 6 సెంట్ల దరిదాపుల్లో ఉంది. డెల్టా దూరప్రయాణాలు ఎక్కువ, చిన్న రూట్లలో కొంత భాగాన్ని వేరే సంస్థలతో నడిపిస్తుంది కాబట్టి ఇది సమానమైన పోలిక కాదు. అయినా చౌకకు మారుపేరైన సంస్థ సిబ్బంది ఖర్చులో పెద్ద సంస్థలకు ఏ మాత్రం తక్కువ కాదన్నది స్పష్టం. 2025 ఫిబ్రవరిలో కార్యాలయ ఉద్యోగుల్లో 15 శాతం మందిని, అంటే సుమారు 1,750 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. సంస్థ చరిత్రలో అంత పెద్ద తొలగింపు అదే మొదటిసారి. అదే ఏడాది మే నెల నుంచి సామానుకు విడిగా డబ్బు వసూలు చేయడం మొదలుపెట్టింది.

అంతకంటే చౌకగా నడిచిన స్పిరిట్ ఎయిర్‌లైన్స్ మరింత గట్టిగా దెబ్బతింది. కోవిడ్ తర్వాత పైలట్ల కొరత వచ్చి, 2023లో డెల్టా తన పైలట్లకు నాలుగేళ్లలో 34 శాతం పెంపు ఇచ్చింది. పెద్ద సంస్థలన్నీ దాని వెనకే నడిచాయి. చిన్న సంస్థలు జీతాలు పెంచకపోతే పైలట్లు వెళ్లిపోతారు, పెంచితే చౌకదనం పోతుంది. ఇంజిన్ల సమస్య, అప్పులు కూడా తోడై స్పిరిట్ 2024 నవంబరులో ఒకసారి, 2025 ఆగస్టులో మరోసారి దివాలా రక్షణ కోరింది.

పాత సంస్థల ఎదురు ప్రయత్నాలు

1978లో అమెరికా విమానయానంపై ధరల నియంత్రణ ఎత్తేసింది. అంతకుముందు జీతం పెరిగితే టికెట్ ధర పెంచుకునే వీలుండేది, అందువల్ల యాజమాన్యాలూ యూనియన్లూ పెద్దగా పోట్లాడుకోలేదు. పోటీ వచ్చాక ఆ ఒప్పందాలు మెడకు చుట్టుకున్నాయి. 1983లో కాంటినెంటల్ సంస్థ దివాలా కోర్టుకు వెళ్లి వేతన ఒప్పందాలను రద్దు చేసి, పాత జీతాల్లో సగానికి అటూఇటూ ఇస్తానని ఉద్యోగులను మళ్లీ పిలిచింది. అదే ఏడాది అమెరికన్ ఎయిర్‌లైన్స్ పాతవారికి ఒక పట్టిక, కొత్తవారికి దానికంటే చాలా తక్కువ పట్టిక పెట్టింది. పక్కపక్క సీట్లలో కూర్చుని ఒకే విమానం నడిపే ఇద్దరి మధ్య అది ఎంత చేదును మిగిల్చిందంటే, తర్వాతి చర్చల్లో యూనియన్ల మొదటి డిమాండు ఆ తేడాను తీసేయడమే అయింది.

మరో ప్రయత్నం సంస్థ లోపలే చౌక సంస్థ పెట్టడం. కాంటినెంటల్ లైట్, యునైటెడ్ వారి షటిల్, యూఎస్ ఎయిర్‌వేస్ వారి మెట్రోజెట్, డెల్టా వారి సాంగ్, యునైటెడ్ వారి టెడ్. ఒక్కటీ మిగలలేదు. విమానానికి కొత్త రంగు వేశారు, సీట్లు పెంచారు, కానీ నడిపేవారు అదే ఒప్పందం కింద, అదే సీనియారిటీతో, అదే పని నిబంధనలతో వచ్చారు.

చివరికి ఖర్చు తగ్గించింది దివాలా కోర్టే. 2001 తర్వాత యునైటెడ్, యూఎస్ ఎయిర్‌వేస్, డెల్టా, నార్త్‌వెస్ట్ వరసగా అక్కడికి వెళ్లాయి. 2005లో యునైటెడ్ తన ఉద్యోగుల పింఛన్ పథకాలను ప్రభుత్వ బీమా సంస్థకు అప్పగించింది. ఆ సంస్థ మీద పడిన బాధ్యత 660 కోట్ల డాలర్లు. బీమాకు గరిష్ఠ పరిమితి ఉండడంతో, జీవితమంతా నడిపిన పైలట్లలో చాలామందికి రావలసిన పింఛనులో పెద్ద భాగం రాలేదు. ఆ తర్వాత వచ్చిన నివేదికల్లో బడ్జెట్ సంస్థలకూ పెద్ద సంస్థలకూ మధ్య ఖర్చుల తేడా తగ్గిందని రాశారు. ఎవరి డబ్బుతో తగ్గిందన్నది ఆ పట్టికలో కనిపించదు.

లెక్కకు దొరకని శ్రమ

జీతాల ఖర్చు తక్కువగా కనిపించడానికి ఒక సులువైన మార్గం, ఆ మనుషులను సంస్థ పుస్తకాల బయట ఉంచడం. సామాను ఎత్తేవారు కాంట్రాక్టు కంపెనీ మనుషులైతే వారి కూలి విమానాశ్రయ సేవల ఖర్చు కింద పడుతుంది. పెద్ద మరమ్మతులు బయట చేయిస్తే ఇంజినీర్ల జీతం నిర్వహణ ఖర్చు అవుతుంది. శంషాబాద్‌లోని జీఎంఆర్ ఏరో టెక్నిక్ హ్యాంగర్లలో పనిచేసే మెకానిక్ ఏ విమాన సంస్థ సిబ్బంది లెక్కలోనూ ఉండరు, ఆయన చేతి పని మాత్రం అనేక సంస్థల విమానాల్లో ఉంటుంది.

యూరప్‌లో ఇది మరో మెట్టు పైకి వెళ్లింది. రయనైర్ చాలాకాలం పైలట్లలో పెద్ద భాగాన్ని ఏజెన్సీల ద్వారా, స్వయం ఉపాధి పొందుతున్నవారిగా చూపించి తీసుకుంది. సెలవు జీతం, సామాజిక భద్రత చందా వంటివి వారికి వర్తించవు. బెల్జియంలో పనిచేసే క్యాబిన్ సిబ్బందికి కూడా ఐర్లండ్ చట్టం కింద ఒప్పందాలు రాసేవారు. సిబ్బంది రోజూ పని మొదలుపెట్టి ముగించే చోటికి ప్రాధాన్యం ఇవ్వాలని, వివాదం వస్తే అక్కడి కోర్టుకు వెళ్లే దారి తెరిచి ఉండాలని యూరోపియన్ న్యాయస్థానం 2017 సెప్టెంబరు 14న తీర్పు చెప్పింది. అదే నెలలో పైలట్ల సెలవుల రోస్టర్ (డ్యూటీల పట్టిక) తారుమారై రయనైర్ వేల విమానాలు రద్దు చేసుకుంది. డిసెంబరులో, తన చరిత్రలో మొదటిసారి, పైలట్ల యూనియన్లను గుర్తిస్తానని ప్రకటించింది. తక్కువ జీతాలే చౌకకు కారణమనే మాట నిజమయ్యేది ఇలాంటి చోట్లే.

జీతం పడని గంటలూ ఉన్నాయి. ప్రపంచంలో చాలా సంస్థలు క్యాబిన్ సిబ్బందికి గంటల లెక్కన ఇచ్చే డబ్బును విమానం కదిలిన క్షణం నుంచే లెక్కిస్తాయి. ప్రయాణికులను ఎక్కించడం, పైన సామాను సర్దడం, ఆలస్యమైతే కోపాలను సముదాయించడం ఉచితం. 2022లో డెల్టా ఎక్కించే సమయానికి సగం రేటు ఇవ్వడం మొదలుపెట్టింది. 2025 ఆగస్టులో ఎయిర్ కెనడా క్యాబిన్ సిబ్బంది సమ్మెకు దిగినప్పుడు ప్రధాన డిమాండ్లలో ఇది ఒకటి. పది నిమిషాల్లో విమానాన్ని తిప్పి పంపే ఘనతలో ఈ ఉచిత నిమిషాల పాలు ఎంతో ఎవరైనా లెక్కగట్టాలి.

మన దేశంలో శిక్షణ ఖర్చు కూడా సంస్థ పుస్తకాల నుంచి ఇళ్లకు మారింది. ఎయిర్‌లైన్ క్యాడెట్ కోర్సులకు కోటి రూపాయల దాకా అవుతోంది. కర్నూలులోనో కరీంనగర్‌లోనో ఒక కుటుంబం ఆస్తి తాకట్టు పెట్టి పిల్లను పైలట్ చేస్తే, సంస్థ ఖర్చు కావలసిన ఆ కోటి కుటుంబం అప్పుగా మారుతుంది. అప్పు నెత్తి మీద ఉన్న యువ పైలట్ ఎక్కువ గంటలు వద్దని అనడం కష్టం.

ఇక్కడి కథ

ఎయిర్ ఇండియాను తిట్టేటప్పుడు ఏళ్లతరబడి వినిపించిన మాట, విమానానికి రెండు వందల మందికి పైగా ఉద్యోగులని. 2021 అక్టోబరులో టాటాలకు అమ్మేటప్పుడు ప్రభుత్వం చెప్పిన లెక్క 12,085 మంది, అందులో శాశ్వత ఉద్యోగులు 8,084. విమానాలు 117. అంటే విమానానికి వంద మందికి కొంచెం పైన. అంతమంది ఎక్కడికి పోయారు? చాలామంది పదవీ విరమణ చేశారు. ఇంజినీరింగ్, గ్రౌండ్ హ్యాండ్లింగ్ విభాగాలను ముందే వేరే కంపెనీలుగా విడదీశారు, టాటాలకు వెళ్లిన సంస్థలో అవి లేవు. మనుషుల లెక్కతో పోల్చడంలో ఇబ్బంది ఇదే. గీత ఎక్కడ గీస్తే అక్కడ అంకె మారుతుంది. ఎయిర్ ఇండియా అసలు జబ్బు జనం సంఖ్య కంటే 2007 విలీనంలో ఉంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌తో కలిపాక రెండు సంస్థల జీతాలు, పదోన్నతులు, పని నియమాలు ఏళ్ల తరబడి కలవలేదు. 2012లో కొత్త డ్రీమ్‌లైనర్ విమానాల శిక్షణ ఎవరికి అన్న వివాదంతో పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు.

2024 ఏప్రిల్‌లో విస్తారాలో జరిగింది కూడా విలీనం కథే. ఎయిర్ ఇండియాలో కలిసే ముందు పైలట్లకు హామీగా ఇచ్చే గంటలను 70 నుంచి 40కి తగ్గించారు. ఎగిరినా ఎగరకపోయినా 70 గంటల జీతం వచ్చేవారికి ఇకపై 40 గంటలదే ఖాయం. గంట రేటు పెద్దగా ముట్టుకోకపోయినా, పని లేని నెల నష్టం సంస్థ నుంచి పైలట్ మీదికి మారింది. పైలట్లు అనారోగ్యం సెలవు పెట్టారు, డజన్ల కొద్దీ విమానాలు రద్దయ్యాయి. చివరకు ఆ ఏడాది నవంబరు 12న విస్తారా పేరే కనుమరుగైంది.

ఇక ఇండిగో. పైలట్ల అలసటను తగ్గించడానికి మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో కొత్త నియమాలు ప్రకటించింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. ఒక పైలట్ రాత్రి వేళ విమానం దించగల సార్లు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. సంస్థలు అభ్యంతరం చెప్పడంతో అమలు వాయిదా పడి, ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లి, రెండు విడతలుగా అమల్లోకి వచ్చింది. రెండో విడత 2025 నవంబరు 1న. అంటే సిద్ధం కావడానికి దాదాపు రెండేళ్ల వ్యవధి దొరికింది. డిసెంబరు మొదటి వారంలో దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా మోసే సంస్థకు పైలట్లు చాలలేదు. మూడు రోజుల్లోనే సుమారు 2,500 విమానాలు రద్దయ్యాయి, మూడు లక్షల మందికి పైగా ఇరుక్కుపోయారు. పెళ్లిళ్లు, పరీక్షలు, ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు పోయాయి. ప్రభుత్వం కొత్త నియమాల్లో కొన్నిటి నుంచి ఆ సంస్థకు ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. నియమం పాటించడానికి సిద్ధం కానివారికి నియమం నుంచే విడుదల దొరికింది. దీన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను. పౌర విమానయాన మంత్రి మన శ్రీకాకుళం వాసి కింజరాపు రామ్మోహన్ నాయుడు, ఆయన మీద అప్పుడు ఎంత ఒత్తిడి ఉందో తెలుసు, అయినా అలసిన పైలట్ చేతిలో ఉండేది ప్రాణాలు.

2026 జనవరిలో డీజీసీఏ 22.2 కోట్ల రూపాయల జరిమానా వేస్తూ చెప్పిన కారణం ఈ వ్యాసంలోని లెక్కకు సూటిగా తగులుతుంది. సిబ్బందినీ విమానాలనూ గరిష్ఠంగా వాడుకోవాలన్న పట్టుదలతో రోస్టర్‌లో ఉండవలసిన వెసులుబాటు తగ్గిపోయిందని. సీటు-కిలోమీటరు ఖర్చు కొలిచే పట్టికలో ఖాళీగా కూర్చున్న స్టాండ్‌బై పైలట్ వృథా ఖర్చుగా కనిపిస్తారు. పొగమంచు పడిన రోజున, నియమం మారిన రోజున, ఎవరికో జ్వరం వచ్చిన రోజున విమానాన్ని కదిలించేది ఆ పైలటే. ఆ పట్టికలో బడ్జెట్ సంస్థలు సాధించిన పొదుపులో కొంత నిజమైన తెలివి: తక్కువ సమయం నేల మీద, ఒకే రకం విమానం, పని నిబంధనల్లో సడలింపు. కొంత మాత్రం ఇలాంటి వెసులుబాటును కోసి చూపించిన పొదుపు. రెండూ ఒకే అంకెలో కలిసిపోయి ఉంటాయి.

ఆ వెసులుబాటు ఖరీదెంత? ఇండిగో సిబ్బంది ఖర్చు ఆదాయంలో పదో వంతు లోపు కాబట్టి 5,000 రూపాయల టికెట్‌లో అందరి జీతాలూ కలిపి 500 లోపే. పైలట్లను, క్యాబిన్ సిబ్బందిని అదనంగా తీసుకుని మొత్తం జీతాల ఖర్చు పది శాతం పెరిగిందనుకున్నా టికెట్‌కు 50 రూపాయలు. డిసెంబరు 6న ధరలు చుక్కలనంటితే ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ పరిమితి 500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికే 7,500, పదిహేను వందల కిలోమీటర్లు దాటితే 18,000.

డీజీసీఏ ప్రతి నెలా ఏ సంస్థ ఎంతమందిని మోసింది, ఎన్ని విమానాలు సమయానికి వెళ్లాయి, ఎన్ని రద్దయ్యాయి, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి అన్న వివరాలు బయటపెడుతుంది. ఆ నివేదికలో మరో రెండు వరుసలు చేర్చాలి. ఒక్కో విమానానికి ఎంతమంది పైలట్లు ఉన్నారు, అందులో రోజుకు సగటున ఎంతమంది స్టాండ్‌బైలో ఉన్నారు. టికెట్ కొనేవారికి ధర పక్కన ఆ అంకె కూడా కనబడాలి.